చర్మ క్యాన్సర్, రక్తపరీక్షలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంటి మీద మచ్చ ఏదో మారినట్టు అనిపించగానే "ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే తేలిపోతుంది కదా" అనుకునేవాళ్ళు చాలామంది. జబ్బు ఉందని తేలాక, రిపోర్టులో ఏ అంకె పక్కన బాణం గుర్తు కనిపించినా ఆ రాత్రి నిద్రపోలేనివాళ్ళు ఇంకొందరు. ఈ ఇద్దరినీ మనసులో పెట్టుకుని రాశాను. అసలు విషయం ముందే చెప్పేస్తున్నాను: చర్మ క్యాన్సర్‌ని మొదట అనుమానించేది కన్ను, ఖాయం చేసేది బయాప్సీ, అంటే ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం. రక్తపరీక్షకి కూడా పని ఉంది, కొన్నిచోట్ల చాలా ముఖ్యమైన పనే ఉంది, కానీ అది ఎక్కువగా జబ్బు తేలిన తర్వాత మొదలవుతుంది.

పుట్టుమచ్చ మారినట్టుంది. రక్తపరీక్షలో క్యాన్సరో కాదో తెలుస్తుందా?

తెలియదు. రక్తపరీక్షలన్నీ నార్మల్‌గా వచ్చినా మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్) ఉండవచ్చు. నిజం చెప్పాలంటే మొదటి దశలో ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ రక్తం మామూలుగానే ఉంటుంది. చర్మ డాక్టర్ డెర్మోస్కోప్ అనే చిన్న పరికరంతో మచ్చని పెద్దదిగా చేసి చూస్తారు, అనుమానం ఉంటే దాన్ని కోసి తీసి ల్యాబ్‌కి పంపుతారు, అక్కడ మైక్రోస్కోప్ కింద చూసి అది ఏమిటో, మెలనోమా అయితే ఎన్ని మిల్లీమీటర్ల లోతుకి దిగిందో చెబుతారు. బ్రెస్లో మందం అని రిపోర్టులో ఉండేది ఆ లోతే. చికిత్స చాలావరకు ఆ అంకె మీదే ఆధారపడుతుంది.

నాకు ఇక్కడ భయం ఒక్కటే. రక్తపరీక్ష చేయించుకుని, "అంతా నార్మల్" అని చూసి, మచ్చ సంగతి నెలల తరబడి వదిలేయడం. మెలనోమా చర్మం దాటకముందే దొరికితే ఐదేళ్ళ తర్వాత బతికి ఉండేవాళ్ళు అమెరికా లెక్కల ప్రకారం 99 శాతానికి పైనే. దూరపు అవయవాలకు పాకాక దొరికితే ఆ లెక్క సుమారు మూడో వంతుకి పడిపోతుంది. కాబట్టి మచ్చ రెండు పక్కలా ఒకేలా లేకపోయినా, అంచులు చెదిరినట్టున్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, పెరుగుతున్నా, ఈమధ్యే రూపం మారినా, మానకుండా రక్తం కారుతున్నా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మనలాంటివాళ్ళలో మెలనోమా అరుదు, నిజమే, కానీ వచ్చినప్పుడు ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. అక్కడ ఎవరూ వెతకరు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. గోరు కింద నల్లటి గీత వెడల్పు అవుతూ ఉంటే, దెబ్బ తగిలిన మచ్చ అనుకున్నది గోరుతో పాటు పైకి జరగకుండా అక్కడే ఉండిపోతే, అది చూపించుకోవలసిన విషయం. ఏ రక్తపరీక్షా దాన్ని మీకంటే ముందు చూడలేదు.

క్యాన్సర్ ఒంట్లో ఉన్నప్పుడు రక్తంలో ఎందుకు కనిపించదు?

కణితి చిన్నదిగా ఉంటే అది రక్తంలోకి వదిలేది కూడా చాలా కొంచెమే ఉంటుంది. ఈ లెక్క చూస్తే బాగా అర్థమవుతుంది. చనిపోయే ప్రతి కణం నుంచి డీఎన్‌ఏ ముక్కలు రక్తంలోకి వస్తుంటాయి, అందరికీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా. 10 మిల్లీలీటర్ల రక్తం తీస్తే అందులో ప్లాస్మా, అంటే కణాలు తీసేస్తే మిగిలే ద్రవం, 4, 5 మిల్లీలీటర్లు. అందులో దొరికే డీఎన్‌ఏ సుమారు 20 నానోగ్రాములు అనుకుందాం. ఒక నానోగ్రాములో ఒక్కో జన్యువుకి దాదాపు 300 కాపీలు ఉంటాయి, అంటే మన చేతిలో ఉన్నవి మొత్తం 6,000 కాపీలు. కణితి నుంచి వచ్చినది లక్షలో ఒక వంతే అయితే ఆ 6,000లో ఒక్కటి కూడా ఉండకపోవడానికే ఎక్కువ అవకాశం. యంత్రం ఎంత గొప్పదైనా గొట్టంలో లేనిదాన్ని చూపించలేదు కదా. మిల్లీమీటరు కూడా లోతు లేని మెలనోమా విషయంలో జరిగేది ఇదే.

చర్మ క్యాన్సర్లన్నింటికీ ఒకే పరీక్షా?

కాదు, చర్మ క్యాన్సర్ అంటే ఒకే జబ్బు కాదు. అన్నిటికంటే ఎక్కువగా వచ్చే బేసల్ సెల్ కార్సినోమా అక్కడికక్కడే పెరుగుతుంది, వేరే చోటికి పాకడం చాలా అరుదు, దానికి రక్తంలో వెతకవలసిన పనే లేదు. స్క్వేమస్ సెల్ కార్సినోమా కొందరిలో లింఫ్ గ్రంథులకి పాకుతుంది, దానికి కూడా రోజువారీ వైద్యంలో నమ్మదగ్గ రక్త గుర్తు ఇంకా లేదు. రక్తపరీక్షల గురించి జరిగే చర్చంతా ముఖ్యంగా మెలనోమా గురించి, ఆ తర్వాత మెర్కెల్ సెల్ కార్సినోమా అనే అరుదైన రకం గురించి. కింద నేను చెప్పేదంతా, వేరుగా చెప్పకపోతే, మెలనోమా గురించే.

మెలనోమాని తొలి దశలోనే పట్టే రక్తపరీక్ష ఆస్ట్రేలియాలో కనిపెట్టారట కదా?

వార్త నిజమే. 2018లో ఎడిత్ కోవన్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక పరీక్ష ప్రకటించారు. కణితిని చూసి మన రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రతిరక్షకాల్లో పదింటిని కలిపి చూసే పరీక్ష అది. మెలనోమా ఉన్న 105 మంది, ఆరోగ్యంగా ఉన్న 104 మంది రక్తం పరీక్షిస్తే, జబ్బు ఉన్నవాళ్ళలో 79 శాతం మందిని అది పట్టుకుంది, లేనివాళ్ళలో 84 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది. పరిశోధనగా ఇది మంచి ఆరంభం, వాళ్ళ శ్రమని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే అదే పరీక్ష అందరికీ చేస్తే ఏమవుతుందో చూడండి. 10,000 మందిలో 10 మందికి మెలనోమా ఉందనుకుందాం. వాళ్ళలో 8 మంది దొరుకుతారు, ఇద్దరు "మీకేం లేదు" అన్న కాగితంతో ఇంటికి వెళతారు. మిగతా 9,990 మందిలో 16 శాతం, అంటే దాదాపు 1,600 మందికి, జబ్బు లేకుండానే ఉందని వస్తుంది. ఆ 1,600 మందికీ ఒళ్ళంతా వెతకాలి, అనుమానం ఉన్న ప్రతి మచ్చా కోయాలి, తేలేదాకా వాళ్ళ టెన్షన్ వాళ్ళది. పైగా పాజిటివ్ వచ్చినా క్యాన్సర్ ఏ మచ్చలో ఉందో రక్తం చెప్పదు, చివరికి డెర్మోస్కోప్ దగ్గరికే రావాలి. "79 శాతం కచ్చితత్వం" అన్న హెడ్డింగ్ కనిపించినప్పుడల్లా దాని పక్కన ఈ లెక్క కూడా వేసుకోండి, ఏ క్యాన్సర్ వార్తకైనా పనికొస్తుంది.

ఎల్‌డీహెచ్ అంటే ఏమిటి? మెలనోమా ఉన్నవాళ్ళకి ఎందుకు రాస్తారు?

లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము. చక్కెరని శక్తిగా మార్చే పనిలో దీని పాత్ర ఉంది, దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. వేగంగా పెరిగే కణితి కణాలు దీన్ని బాగా వాడతాయి, అవి చచ్చి పగిలినప్పుడు అది రక్తంలోకి చేరుతుంది. అందుకే రక్తంలో ఎల్‌డీహెచ్ పెరగడం అంటే ఒంట్లో కణితి భారం ఎక్కువగా ఉందనో, అది జోరుగా పెరుగుతోందనో ఒక సూచన.

మెలనోమా దశల్ని నిర్ణయించే అంతర్జాతీయ పద్ధతిలో అధికారికంగా చోటు దక్కిన రక్తపరీక్ష ఇదొక్కటే. దూరపు అవయవాలకు పాకిన నాలుగో దశలో, ఎల్‌డీహెచ్ నార్మల్‌గా ఉంటే సున్నా అని, ఎక్కువగా ఉంటే ఒకటి అని పక్కన రాస్తారు. మీ కాగితంలో ఎం1ఏ (దూరానికి పాకిందని చెప్పే గుర్తు) పక్కన బ్రాకెట్లో 0 గానీ 1 గానీ కనిపిస్తే దాని అర్థం అదే. నార్మల్‌గా ఉన్నవాళ్ళకి మందులు ఎక్కువకాలం పనిచేసే అవకాశం ఎక్కువ. మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష రాసేది అందుకే.

మొదటి, రెండో దశల్లో మచ్చ తీసేశాక ప్రతిసారీ ఎల్‌డీహెచ్ చేయించడం వల్ల మాత్రం పెద్దగా ఒరిగేదేమీ లేదు. జబ్బు తిరగబెట్టినా చిన్నదిగా ఉన్నప్పుడు ఇది పెరగదు, చాలా దేశాల మార్గదర్శకాలు ఈ దశల్లో రొటీన్ రక్తపరీక్షలు అవసరం లేదనే అంటాయి.

నాన్నగారికి ఎల్‌డీహెచ్ ఎక్కువ వచ్చింది. జబ్బు తిరగబెట్టినట్టేనా?

ఆ ఒక్క అంకెతో అలా అనుకోకండి. ఇది ఎర్ర రక్తకణాల్లో, కాలేయంలో, గుండెలో, కండరాల్లో అంతటా ఉంటుంది. ముందురోజు బాగా ఒళ్ళు అలిసే పని చేసినా పెరుగుతుంది, కాలేయం కొంచెం దెబ్బతిన్నా పెరుగుతుంది, రక్తహీనతలో కొన్ని రకాల్లో పెరుగుతుంది. అన్నిటికంటే తరచుగా జరిగేది ఏమిటంటే, రక్తం తీసేటప్పుడు నరం సరిగా దొరక్క, సన్నటి సూదితో గట్టిగా లాగడం వల్లనో, గొట్టాన్ని గట్టిగా ఊపడం వల్లనో ఎర్ర కణాలు గొట్టంలోనే పగిలిపోవడం. అప్పుడు ఒంట్లో ఏమీ లేకపోయినా రిపోర్టులో అంకె ఎక్కువగా వస్తుంది. రిపోర్టు కింద "హీమోలైజ్డ్ శాంపిల్" అని రాసి ఉందేమో ముందు చూడండి. ఉంటే మళ్ళీ రక్తం ఇవ్వడమే సరైన పని.

అలాంటిది ఏమీ లేకుండా, ఒకే ల్యాబ్‌లో వరసగా రెండు మూడుసార్లు పెరుగుతూ వస్తే అప్పుడు అది పట్టించుకోవలసిన విషయం, స్కానింగ్ చేయాలా అని డాక్టర్ ఆలోచిస్తారు.

ఎస్100బీ అన్న పరీక్ష పేరు విన్నాను. అది ఎల్‌డీహెచ్ కంటే మంచిదా?

మెలనోమాకి కొంచెం దగ్గరి గుర్తు అనవచ్చు. ఎస్100బీ అనే ప్రొటీన్ మెలనోమా కణాల్లో పుష్కలంగా ఉంటుంది. జర్మనీ, స్విట్జర్లాండ్ లాంటి చోట్ల మెలనోమా రోగుల ఫాలోఅప్‌లో దీన్ని చాలా ఏళ్ళుగా వాడుతున్నారు, అమెరికాలో వాడకం తక్కువ. ఒకే సైన్సు చదివి రెండు దేశాల డాక్టర్లు రెండు రకాలుగా నిర్ణయించుకున్నారు. తిరగబెట్టడాన్ని కొన్ని వారాల ముందు పసిగడితే రోగికి నిజంగా మేలు జరుగుతుందా అన్నదే వాళ్ళ మధ్య ఉన్న తేడా.

దీనికీ చిక్కులున్నాయి. మెదడు కణాల్లోనూ కొవ్వు కణాల్లోనూ ఈ ప్రొటీన్ ఉంటుంది, తలకి దెబ్బ తగిలినా పెరుగుతుంది. స్కాండినేవియా దేశాల్లో చిన్న తల దెబ్బలకి స్కానింగ్ అవసరమా కాదా తేల్చడానికి ఇదే పరీక్ష వాడతారు. మరి అది మెలనోమా పరీక్షా, తలదెబ్బ పరీక్షా అంటే రెండూ. ఎవరికి, ఎందుకు చేశారన్న దాన్ని బట్టి దాని అర్థం మారుతుంది.

ఎంఐఏ అనే ఇంకో ప్రొటీన్ ఉంది, అది కూడా ఎక్కువగా యూరప్‌లోనే వినిపిస్తుంది. జపాన్‌లో మెలనిన్ (చర్మానికి రంగునిచ్చే పదార్థం) తయారీలో పుట్టే 5-ఎస్-సిస్టైనైల్‌డోపా అనే పదార్థాన్ని రక్తంలో కొలుస్తారు. ఈ రెండింటిలో ఏదీ తొలి దశ మెలనోమాని పట్టేది కాదు.

సీటీడీఎన్‌ఏ అంటే ఏమిటి? దీని మీద అంత ఆశ ఎందుకు?

కణితి కణాల నుంచి రక్తంలోకి వచ్చిన డీఎన్‌ఏ ముక్కల్ని సీటీడీఎన్‌ఏ అంటారు. దీన్ని వెతికే పరీక్షని లిక్విడ్ బయాప్సీ అని కూడా పిలుస్తున్నారు. రక్తంలో డీఎన్‌ఏ ముక్కలు తిరుగుతుంటాయని 1948లోనే ఇద్దరు ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు, మాండెల్, మెటే, చెప్పారు. దాన్ని క్యాన్సర్‌కి వాడుకునేంత సున్నితమైన యంత్రాలు రావడానికి ఇంకో యాభై ఏళ్ళకి పైగా పట్టింది.

ఆశ ఎందుకంటే, ఎల్‌డీహెచ్ లాంటి ప్రొటీన్లు ఆరోగ్యమైన కణాల్లోనూ ఉంటాయి, కణితిలో వచ్చిన జన్యు మార్పు మాత్రం కణితిలోనే ఉంటుంది. చర్మ మెలనోమాల్లో దాదాపు సగం వాటిలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది, ఇంకో అయిదో వంతు దాకా మరో జన్యువు ఎన్‌రాస్‌లో. ఈ మార్పున్న ముక్క రక్తంలో కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో అనుమానపడవలసిన పని చాలా తక్కువ. రెండో సుగుణం, ఈ ముక్కలు రక్తంలో ఎక్కువసేపు ఉండవు, గంటల్లోనే కరిగిపోతాయి. అంటే ఈరోజు కనిపించినది ఈరోజు సంగతే చెబుతుంది, నెలకిందటి సంగతి కాదు.

పరీక్షలో రెండు దారులున్నాయి. బీరాఫ్ లాంటి తెలిసిన మార్పుని నేరుగా వెతకడం ఒకటి. రోగి కణితిని ముందే పూర్తిగా చదివి, అందులో ఉన్న మార్పుల్లో పది పదహారు ఎంచుకుని, ఆ మనిషి కోసమే ఒక పరీక్ష తయారుచేసి రక్తంలో వాటన్నిటినీ వెతకడం రెండోది. పైన చెప్పిన 6,000 కాపీల లెక్క గుర్తుందా, ఒక మార్పుకి బదులు 16 మార్పులు వెతికితే దొరికే అవకాశం అన్ని రెట్లు పెరుగుతుంది. తయారీకి వారాలు పడుతుంది, కణితి ముక్క భద్రంగా ఉండాలి, ఖర్చూ ఎక్కువే.

సర్జరీ తర్వాత సీటీడీఎన్‌ఏ నెగటివ్ వచ్చింది. ఇక నయమైనట్టేనా?

కాదు, ఇది అందరూ పొరబడే చోటు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. బీరాఫ్ మార్పు ఉండి, సర్జరీతో తీయలేనంతగా ముదిరిన మెలనోమా రోగుల మీద జరిగిన కాంబీ-డీ అనే పెద్ద ట్రయల్లో, చికిత్సకి ముందు తీసిన రక్తంలో 93 శాతం మందికి సీటీడీఎన్‌ఏ కనిపించింది. అదే మార్పు ఉండి, మూడో దశలో సర్జరీ చేసి కనిపించినంతవరకు జబ్బంతా తీసేసినవాళ్ళ మీద జరిగిన కాంబీ-ఏడీ ట్రయల్లో సుమారు 13 శాతం మందికే కనిపించింది. కనిపించినవాళ్ళలో జబ్బు త్వరగా, ఎక్కువగా తిరగబెట్టింది, అది గట్టి సూచనే. కానీ అదే ట్రయల్లో మందు ఇవ్వని గుంపులో ఐదేళ్ళకి జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు 36 శాతమే. అంటే రక్తంలో ఏమీ కనిపించని చాలామందిలో కూడా తర్వాత జబ్బు వచ్చింది.

కాబట్టి పాజిటివ్ వస్తే దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. నెగటివ్ వస్తే సంతోషించండి, కానీ ఫాలోఅప్ ఒక్కటి కూడా మానొద్దు, చర్మం, లింఫ్ గ్రంథులు చూపించుకోవడం అసలే మానొద్దు. పాజిటివ్ వచ్చిందన్న కారణంతో ముందుగా మందు మొదలుపెడితే రోగి ఎక్కువకాలం బతుకుతాడా అన్న ప్రశ్న మీద ట్రయల్స్ నడిచాయి, నడుస్తున్నాయి. అది తేలేదాకా ప్రతి ఒక్కరూ ఈ పరీక్ష చేయించుకోవాలని నేను చెప్పను. ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: "ఇది పాజిటివ్ వస్తే మనం చేసేది ఏమైనా మారుతుందా డాక్టర్ గారూ?" మారదు అంటే ఆ పరీక్షకి తొందరేమీ లేదు.

మా అన్నయ్యకి బయాప్సీ చేయడానికి వీల్లేని చోట గడ్డ ఉంది. బీరాఫ్ రక్తంలో చూడవచ్చా?

చూడవచ్చు, లిక్విడ్ బయాప్సీ నిజంగా అక్కరకొచ్చే సందర్భాల్లో ఇదొకటి. రక్తంలో బీరాఫ్ వీ600 మార్పు దొరికితే దాన్ని నమ్మి, ఆ మార్పు మీద పనిచేసే డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ లాంటి మాత్రల గురించి ఆలోచించవచ్చు. దొరకకపోతే మాత్రం "మార్పు లేదు" అని తేల్చేయకూడదు, తగినంత డీఎన్‌ఏ రక్తంలోకి రాలేదని కూడా అర్థం కావచ్చు. ముందెప్పుడో తీసిన మచ్చ తాలూకు బ్లాకు (మైనంలో భద్రపరిచిన ముక్క) ల్యాబ్‌లో ఉందేమో కనుక్కోండి, చాలా ల్యాబులు వాటిని ఏళ్ళ తరబడి దాస్తాయి, దాని మీద కూడా ఈ పరీక్ష చేయవచ్చు.

ఇమ్యునోథెరపీలో ఉన్నప్పుడు రక్తపరీక్షలతో మందు పనిచేస్తోందో లేదో తెలుస్తుందా?

కొంతవరకు. ఇక్కడ రెండు రకాల పరీక్షల్ని కలిపేసుకోకండి. పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు (క్యాన్సర్ మీదికి రోగనిరోధక శక్తిని ఉసిగొల్పేవి) తీసుకునేవాళ్ళకి ప్రతి డోసు ముందు థైరాయిడ్, కాలేయం, కిడ్నీ, షుగర్ చూస్తారు, అవసరమైతే కార్టిసోల్ అనే హార్మోన్ చూస్తారు. అవి క్యాన్సర్ గుర్తులు కావు. మందు రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టినప్పుడు అది సొంత అవయవాల మీద పడుతోందేమో కనిపెట్టడానికి చేసేవి. వీటిని "మామూలు టెస్టులే కదా" అని వాయిదా వేయొద్దు, ప్రాణం మీదికి తెచ్చే సైడ్ ఎఫెక్టులు కొన్ని మొదట ఈ కాగితంలోనే బయటపడతాయి.

మందు పనితనం విషయానికొస్తే, సీటీడీఎన్‌ఏ మొదటి కొన్ని వారాల్లో బాగా పడిపోతే మంచి సూచన, పెరుగుతూ పోతే చెడు సూచన. ముఖ్యంగా ఒక ఇబ్బందికరమైన పరిస్థితిలో ఇది ఉపయోగపడుతుంది. ఇమ్యునోథెరపీ మొదలయ్యాక కొందరిలో స్కానింగ్‌లో గడ్డ పెద్దదైనట్టు కనిపిస్తుంది, నిజానికి అది పెరగడం కాదు, రోగనిరోధక కణాలు లోపలికి చేరి ఉబ్బడం. ఆ సమయంలో రక్తంలో సీటీడీఎన్‌ఏ పడిపోయిందంటే అది ఉబ్బే అయ్యుండే అవకాశం ఎక్కువని 2018లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. పనిచేస్తున్న మందుని భయపడి ఆపేయకుండా ఉండటానికి ఇలాంటి ఆధారం ఎంత విలువైనదో ఆ స్థితిలో ఉన్న కుటుంబానికే తెలుస్తుంది.

రక్తంలో అంతా బాగుంది, కానీ మెదడు స్కాన్ ఎందుకు రాస్తున్నారు?

మెదడుకీ రక్తానికీ మధ్య ఒక గట్టి అడ్డుగోడ ఉంది. మెదడులో ఉన్న మెలనోమా నుంచి డీఎన్‌ఏ ముక్కలు ఆ గోడ దాటి రక్తంలోకి రావడం కష్టం. మెదడులో మాత్రమే జబ్బున్న చాలామందిలో రక్తం ఖాళీగానే కనిపిస్తుంది. మెలనోమా మెదడుకి పాకే గుణం ఎక్కువున్న క్యాన్సర్. డాక్టర్ ఎమ్మారై రాస్తే తప్పకుండా చేయించండి.

రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల్నే లెక్కపెట్టవచ్చట కదా?

పెట్టవచ్చు, కానీ మెలనోమాలో ఇది ఇంకా పరిశోధన దశ దాటలేదు. రొమ్ము క్యాన్సర్ కోసం 2004లో అనుమతి పొందిన యంత్రం ఒకటుంది, అది ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్‌ని పట్టుకుని కణాల్ని బయటికి లాగుతుంది. మెలనోమా కణాల మీద ఆ ప్రొటీన్ ఉండదు, కాబట్టి వాటికి వేరే గాలం కావాలి. ఆ పనులు నడుస్తున్నాయి.

మెర్కెల్ సెల్ కార్సినోమాకి మంచి రక్తపరీక్ష ఉందంటున్నారు, నిజమేనా?

నిజమే, చర్మ క్యాన్సర్లలో రక్తపరీక్ష బాగా అతికినట్టు సరిపోయింది ఇక్కడే. 2008లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ బృందం ఈ క్యాన్సర్‌లో ఒక వైరస్ ఉందని కనిపెట్టింది. మెర్కెల్ సెల్ పాలియోమా వైరస్ అని పేరు పెట్టారు. అమెరికా, యూరప్ రోగుల్లో దాదాపు 80 శాతం కణితుల్లో ఇది ఉంటుంది. కణితిలోని వైరస్ ప్రొటీన్ మీద శరీరం ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. జబ్బు తేలినప్పుడు సుమారు సగం మందిలో అవి రక్తంలో ఉంటాయి. చికిత్సతో కణితి పోతే ఆ అంకె నెలనెలా దిగుతూ వస్తుంది, జబ్బు తిరగబెడితే మళ్ళీ పెరుగుతుంది, కొన్నిసార్లు స్కానింగ్‌లో కనిపించేకంటే ముందే.

ఇందులో టైమింగ్ ముఖ్యం. మొదటి పరీక్ష జబ్బు తేలిన కొత్తలోనే చేయించుకోవాలి, ఆలస్యం చేస్తే అంకె దిగిపోయి మీకు అసలు మొదట్లో ప్రతిరక్షకాలు ఉన్నాయో లేవో తెలియకుండా పోతుంది. మొదట్లో లేనివాళ్ళకి ఈ పరీక్ష ఫాలోఅప్‌లో పనికిరాదు, వాళ్ళకి స్కానింగులే ఆధారం, ఈమధ్య సీటీడీఎన్‌ఏ కూడా వాడుతున్నారు.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో "క్యాన్సర్ మార్కర్లు" ఉన్నాయి. అవి సరిపోతాయా?

చర్మ క్యాన్సర్‌కి అస్సలు సరిపోవు. సీఈఏ, సీఏ-125, పీఎస్‌ఏ లాంటివి వేరే అవయవాలకి సంబంధించినవి. రక్తంలో కణాల లెక్క, ఈఎస్ఆర్ కూడా తొలి దశ చర్మ క్యాన్సర్ గురించి ఏమీ చెప్పవు. ఒళ్ళంతా ఒకసారి చర్మ డాక్టర్‌కి చూపించుకోవడం ఆ ప్యాకేజీ కంటే ఎన్నో రెట్లు మేలు.

జీన్ ఎక్స్‌ప్రెషన్ టెస్ట్ అని రాశారు. అది కూడా రక్తపరీక్షేనా?

కాదు. అది కోసి తీసిన కణితి ముక్క మీద చేసేది, జబ్బు తిరగబెట్టే అవకాశం ఎంతో అంచనా వేయడానికి. పేర్లు ఒకేలా వినిపించడంతో చాలామంది కలిపేసుకుంటారు.

రక్తం ఇచ్చేముందు ఏమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

ఎల్‌డీహెచ్‌కి ముందురోజు విపరీతమైన వ్యాయామం వద్దు. సీటీడీఎన్‌ఏకి గొట్టమే ముఖ్యం. మామూలు ఈడీటీఏ గొట్టంలో (రక్తం గడ్డకట్టకుండా చూసే మందు ఉన్నది) తీస్తే కొన్ని గంటల్లోనే ప్లాస్మా వేరుచేయాలి, లేకపోతే తెల్ల కణాలు పగిలి వాటి డీఎన్‌ఏ అంతా కలిసి, వెతికేది ఆ గుంపులో మునిగిపోతుంది. అందుకే కణాలు పగలకుండా కాపాడే ప్రత్యేక గొట్టాలు వాడతారు. వేరే ఊరికి శాంపిల్ పంపుతున్నారంటే ఏ గొట్టంలో తీస్తున్నారో అడగడానికి మొహమాటపడకండి.

అన్నిటికంటే పెద్ద జాగ్రత్త, ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించడం. నార్మల్ హద్దు ల్యాబ్‌ని బట్టి, కిట్‌ని బట్టి మారుతుంది. ఒకచోట నార్మల్ అన్నది ఇంకోచోట ఎక్కువ అవుతుంది, మధ్యలో మీ గుండె ఆగుతుంది. తేదీలతో ఒక కాగితం మీద అంకెలన్నీ వరసగా రాసుకుని డాక్టర్ ముందు పెట్టండి. విడిగా ఒక్క అంకె కంటే ఆ వరస చాలా ఎక్కువ చెబుతుంది.

సీటీడీఎన్‌ఏ పాజిటివ్ తప్పుగా రావచ్చా?

రావచ్చు, అరుదుగా. వయసు పెరిగేకొద్దీ ఎముక మజ్జలోని రక్తకణాల్లో కూడా కొన్ని జన్యు మార్పులు పుడతాయి, వాటి డీఎన్‌ఏ కూడా అదే రక్తంలో తిరుగుతుంది. టీపీ53 లాంటి జన్యువులో మార్పు కనిపించినప్పుడు అది కణితిదా, రక్తకణాలదా అని తేల్చుకోవాలి. తెల్ల కణాల డీఎన్‌ఏని పక్కన పెట్టుకుని పోల్చి చూసే పరీక్షల్లో ఈ పొరపాటు తగ్గుతుంది.

అమ్మకి మెలనోమా వచ్చింది. మాకు వస్తుందో లేదో రక్తంలో తెలుస్తుందా?

ఇది పైన చెప్పినవాటికి పూర్తిగా వేరే పరీక్ష. ఇక్కడ వెతికేది కణితిని కాదు, పుట్టుకతో వచ్చిన జన్యు మార్పుని. రక్తంతో గానీ లాలాజలంతో గానీ చేస్తారు. ముఖ్యంగా చూసేది సీడీకేఎన్2ఏ అనే జన్యువు. ఇది అందరికీ అవసరం లేదు. దగ్గరి బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి మెలనోమా ఉన్నా, ఒకే మనిషికి మళ్ళీమళ్ళీ కొత్త మెలనోమాలు వచ్చినా, కుటుంబంలో మెలనోమాతో పాటు క్లోమ గ్రంథి క్యాన్సర్ కూడా ఉన్నా అడగవలసిన పరీక్ష. ఎందుకంటే ఈ జన్యు మార్పు ఆ రెండు క్యాన్సర్లకీ అవకాశం పెంచుతుంది.

వీలైతే మొదట జబ్బు వచ్చిన అమ్మగారికే చేయించండి. ఆవిడలో ఏ మార్పు ఉందో తెలిస్తే పిల్లలకి ఆ ఒక్కటీ ఉందా లేదా అని చూస్తే చాలు, జవాబు స్పష్టంగా వస్తుంది. ఆవిడకి చేయకుండా మీకు మాత్రమే చేసి నెగటివ్ వస్తే దాని అర్థం ఏమిటో చెప్పడం కష్టం. మార్పు ఉందని తేలినా జబ్బు వస్తుందని రాసిపెట్టినట్టు కాదు, చర్మాన్ని ఎండ నుంచి కాపాడుకుంటూ, డాక్టర్ చెప్పిన వ్యవధిలో ఒళ్ళంతా చూపించుకోవాలని అర్థం. చేయించుకునే ముందు జెనెటిక్ కౌన్సెలర్‌తో ఒకసారి మాట్లాడండి, పిల్లలకి ఏ వయసులో చెప్పాలి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళకి ఎవరు చెప్పాలి అన్న విషయాలు కూడా అక్కడే మాట్లాడుకోవచ్చు.